అమ్మమ్మ కాళ్లు

ఆ ఎండకాలమంతా మా ఇంట్లో పెద్దవాళ్లందరం ఒక చిన్నపిల్ల ఉచ్చ వస్తుందని ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూశాం. నేను కోరుట్లలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, నా బిడ్డ సరిత జగిత్యాలలో కుట్టు మిషన్ ముందు కూర్చుని, అల్లుడు దేవేందర్ బహ్రెయిన్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని.

పిల్ల పేరు హన్విక. సరిత కూతురు. మూడో ఏడు నడుస్తోంది. ఆ పేరుకు నా నోరు తిరగదు, అన్వి అనే పిలుస్తాను.

ఉగాది పోయాక సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి బట్టల కంపెనీలో సరితకు పని ఖాయమైంది, జూన్‌లో చేరాలి. పనిచేసే ఆడవాళ్ల పసిపిల్లలను చూసుకోవడానికి కంపెనీలోనే ఒక గది ఉంది. ఆ గది చూసుకునే మనీషా టీచర్ మాటలు స్పీకర్‌లో నేనూ విన్నాను.

"అక్కా, డైపర్లు మాత్రం నడవయి. గింతమంది పిల్లలకు మేమిద్దరమే. ఉచ్చ అస్తె చెప్పేటి పిల్లలనే తీస్కుంటం. మీ పాప చెప్తదా?"

సరిత నా వైపు చూసింది. అన్వి తడిసిన డైపర్‌తో గడప మీద కూర్చుని ఉల్లిపొట్టు నములుతోంది.

"చెప్తది మేడం," అంది సరిత.

అబద్ధమాడటం నా బిడ్డకు చేతకాదు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

పిల్లను నా దగ్గర ఉంచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఉంచుకోలేను. బీడీలు చుట్టే ఇంట్లో గాలి కూడా తంబాకే. చలికాలంలో అన్వికి పిల్లికూతలు వస్తే డాక్టర్ ఒకటే మాట చెప్పాడు, ఈ దుమ్ములో పిల్లను పెంచొద్దని. ఒక్క ఎండకాలం పెరట్లో ఆడిస్తే వేరు, ఏడాది పొడుగునా చాట ముందు కట్టేసి నేను పెంచితే వేరు. కాబట్టి జూన్ వస్తే రెండే దారులు. పిల్ల సిరిసిల్లలో తల్లి దగ్గర ఉండాలి, లేదంటే ఇబ్రహీంపట్నంలో నానమ్మ కిష్టవ్వ దగ్గర ఉండాలి.

కిష్టవ్వ అప్పటికే పిల్ల కోసం గదికి సున్నం వేయించింది.

"వదినె, పిల్లను గా ఊరు గీ ఊరు తిప్పుడెందుకు? మా ఇంట్ల దింపుండ్రి. సరిత నెలకోపాలి అచ్చి చూసి పోతది," అంది ఫోన్‌లో.

చెడ్డ మాట కాదు. ఆమె చెడ్డ మనిషీ కాదు. కానీ చూసిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆయన బొంబాయి నుంచి ఏడాదికోసారి వచ్చి చూసిపోయేవాడు. సరిత ఆయన్ని చూసి నా వెనక దాక్కునేది. బాపూ అని పిలవడం అలవాటయ్యేలోపే ఆయన బస్సెక్కేవాడు. చివరిసారి ఎక్కిన బస్సు నా కళ్ల ముందు ఇంకా పోతూనే ఉంది. వచ్చే బస్సును చూస్తే నాకేమీ కాదు. పోయే బస్సు వెనక భాగం మాత్రం చూడలేను.

ఎటు పోయినా అన్వి నా దగ్గర ఉండదు. తల్లితోనైనా ఉండాలి. ఆ ఒక్క కోరికనే పట్టుకున్నాను.

సరిత బాతు ఆకారంలో ఉన్న పసుపుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చింది. దాని నడుము మధ్యలో గుంట. ఎట్లా నేర్పించాలో ఫోన్‌లో వెతికి నా చేతికిచ్చింది. నేను బడి గడప తొక్కలేదు. సామాను కట్టిచ్చిన పేపర్ ముక్కలు, బస్సు బోర్డులు చూసి చూసి చదువు నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పటికీ పెదవులు కదపందే అక్షరం ముందుకు పోదు. అట్లాగే చదివాను. పిల్ల కుర్చీ మీద పని కానిస్తే వెంటనే బహుమతి ఇవ్వాలట. చిన్నది ఇవ్వాలట. కానివ్వకపోతే తిట్టకూడదట.

"ఉచ్చ పోసినందుకు ఇనామా? గిదెక్కడి ముచ్చటనే?" అన్నాను.

"నా చిన్నప్పుడు నాకేమియ్యలేదా నువ్వు?"

"ఎందుకియ్యలే? ఇచ్చిన. ఈపుల రెండు."

సరిత చాలా రోజుల తర్వాత నవ్వింది.

మొదట నక్షత్రాల స్టిక్కర్లు తెచ్చాం. అన్వి కుర్చీ మీద కూర్చోకముందే అన్నీ పీకి నా నుదుటికీ, చాటకూ, కట్టిన బీడీ కట్టలకూ అంటించింది. కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే మనిషి "ఏందవ్వా, కొత్త బ్రాండు తీసినవా?" అని అందరి ముందూ నవ్వాడు.

తర్వాత రంగురంగుల చాక్లెట్ గోలీలు. ఇది పనిచేసిందనుకున్నాం. కూర్చుంది, నాలుగు చుక్కలు పోసింది, చెయ్యి చాపింది. గోలీ తిని మళ్లీ కూర్చుంది, రెండు చుక్కలు, మళ్లీ చెయ్యి. అట్లా పొదుపుగా పోసి, గోలీలు అయిపోగానే లేచి వెళ్లి మిగతాదంతా నేను నానబెట్టుకున్న తునికాకు మీద పోసింది. ఆకంతా పెంట మీద పారేశాను. ఆ రోజు చుట్టడానికి ఏమీ మిగల్లేదు.

గాలిబుగ్గ ఊది ఇస్తే అది కుర్చీ అంచుకు తగిలి పగిలింది. ఆ చప్పుడు బాతే చేసిందనుకుంది పిల్ల. ఇక పసుపు రంగు చూస్తేనే ఏడ్చి గోడకు అంటుకుపోయేది.

అన్నిటికన్నా మమ్మల్ని ఏడిపించింది మా అల్లుడి ఆలోచన. "కూసున్నప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యుండ్రి. నేను చప్పట్లు కొడుత," అన్నాడు. ఏడుస్తున్నా ఎత్తి బాతు మీద కూర్చోబెట్టి చేశాం. డ్యూటీ బట్టల్లో, తల మీద హెల్మెట్‌తో తెరలో కనిపించాడు. "శభాష్ బిడ్డా! నా రాజా!" అని రెండు చేతులూ కొట్టేసరికి ఫోన్ కింద పడి అక్కడి ఆకాశం కనిపించింది. అన్వి పడీపడీ నవ్వింది. బాతు భయం మరిచిపోయింది. కొన్నాళ్లకు లేవగానే తానే పోయి కుర్చీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఏమీ పోయదు. దిగదు. కాళ్ల మధ్య నుంచి ఆ గుంటలోకి తొంగిచూస్తూ పిలుస్తుంది.

"డాడీ, రా."

ఆ వేళకు అల్లుడు పని మీద ఉంటాడు. ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది.

"డాడీ, రా. డాడీ, రా."

తొడల మీద కుర్చీ అంచు ఎర్రగా అచ్చు పడినా దిగేది కాదు. సరిత వంటింట్లోకి పోయి నల్లా తిప్పి నిలబడేది, తన ఏడుపు మాకు వినిపించకుండా.

ఆ కుర్చీని నేనే తీసి అటక మీదికి విసిరేశాను.

మే నెల వచ్చింది. ఎండకు పైన రేకులు పటపటమంటున్నాయి. సరిత పొద్దున్నే జగిత్యాలకు కుట్టు ట్రైనింగ్‌కు పోయేది. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకముందే అడిగేది, "చెప్పిందా?" అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకరోజు తడిసిన చాప చూసి పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, తానే ఆ తడి చాప మీద కూలబడి పిల్ల కన్నా గట్టిగా ఏడ్చింది.

"నావల్ల కాదవ్వా. కిష్టవ్వత్తకు ఫోన్ చెయ్యి. తీస్కపొమ్మను."

"నోరు ముయ్యి," అన్నాను.

మరునాడు సరిత బస్సెక్కాక చాట పక్కన పెట్టాను. పెరట్లో బండ మీద కూర్చుని కాళ్లు చాపాను. అన్వి డైపర్ విప్పి, ముఖం నా వైపు ఉండేట్టు నా రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని "ఉస్స్" అన్నాను. నన్ను కన్న మా అవ్వ నన్ను అట్లాగే కూర్చోబెట్టింది. సరితను నేనూ అట్లాగే కూర్చోబెట్టాను.

అన్వి నన్ను చూసింది, నా కాలివేళ్లను చూసింది. పాదాల మధ్య నుంచి వెచ్చగా కారింది.

ఇనాం ఏమీ ఇవ్వలేదు. చాట దగ్గరికి తొందరపడకుండా కాసేపు కాళ్లను పైకీ కిందికీ ఊపాను. అది కేరింతలు కొట్టింది. అంతే.

నెల తిరగకముందే పరుగెత్తుకొచ్చి నా ఒళ్లోని చాట లాగడం నేర్చింది. "అమ్మమ్మ! ఉచ్చ! కాళ్లు!" చుడుతున్న బీడీ చుడుతున్నట్టే వదిలేసి పెరట్లోకి పోయి కాళ్లు చాపేదాన్ని. నా మోకాళ్లు ఎండుకట్టెల్లా పటుక్కుమనేవి. అయినా ఆ పిలుపు కోసం చెవులు అటే పెట్టుకుని కూర్చునేదాన్ని.

సరిత ఒక సెలవు రోజు అది కళ్లారా చూసింది.

"నన్ను గూడ గిట్లనే కూసుండవెట్టినవా?"

"మరి నిన్ను బాతు మీద కూసుండవెట్టిన్నా?"

"గెలిచినం అవ్వా," అంది. వెంటనే కిష్టవ్వకు ఫోన్ చేసి నా చేతికిచ్చింది.

"చెప్పుడు నేర్చిందా? మంచిదే," అంది కిష్టవ్వ. "సున్నం ఏపిచ్చిన వదినె. సరే తియ్యి."

జూన్‌లో నేనే వాళ్లను దింపి వచ్చాను. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటి సిరిసిల్ల. అద్దె గదిలో సామాను సర్ది, అదే రోజు తిరుగు బస్సెక్కాను. అన్వి తల్లి చంకలో ఉండి చెయ్యి ఊపింది. ఈసారి బస్సులో ఉన్నది నేనే కాబట్టి దాని వెనక భాగం చూసే పని నాకు లేకపోయింది. వాళ్లు చూసి ఉంటారు.

పని మొదలైన రోజు సాయంత్రం సరిత ఫోన్ చేసింది.

"అవ్వా, మనీషా మేడం మస్తు మెచ్చుకుంది. పొద్దంత ఒక్కపాలి గూడ బట్టలు తడపలేదట. పిల్లలందరు గిట్లనే ఉంటె మాకు కష్టమే లేకపోవు అన్నది."

మరునాడూ అదే మాట. ఆ మరునాడూ అదే మాట. నేను కార్ఖానాలో కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. తడపలేదు అంటే నేర్చుకుంది అనుకున్నాం. పోసిందా అని ఒక్కరమూ అడగలేదు. సరిత చీకటి పడే వేళకు వచ్చి, పిల్లకు అన్నం పెట్టి, డైపర్ వేసి పడుకోబెట్టేది. తెల్లవారేసరికి ఆ డైపర్ ఇటుకలా బరువెక్కేదని తర్వాత చెప్పింది.

జ్వరం వచ్చింది. నీళ్లు మారినందుకు అనుకున్నారు. తగ్గి, మళ్లీ వచ్చింది. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే సరిత దాన్ని ఎత్తుకుని తాను ఎరిగిన జగిత్యాల పిల్లల డాక్టర్ దగ్గరికి బయలుదేరింది. నేను కోరుట్ల నుంచి పోయాను.

నేను చేరేసరికి సరిత ఆస్పత్రి బాత్రూం నేల మీద కూర్చుని ఉంది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ. పరీక్షకు మూత్రం కావాలన్నారు. పిల్ల ఇవ్వడం లేదు. మోకాళ్లు బిగించి, నడుము విల్లులా వంచి అరుస్తోంది. నర్సు నల్లా తిప్పి నీళ్ల చప్పుడు వినిపించింది. సరిత తన కాళ్లు చాపి చూపించింది.

"గవి కాదు!" అంటోంది అన్వి వెక్కుతూ. "గవి కాదు!"

అప్పుడు నేను గుమ్మంలో నిలబడ్డాను. అది నా ముఖం చూడలేదు. నా పాదాలు చూసింది.

చెప్పులు విప్పి ఆ గచ్చు మీద కూర్చుని కాళ్లు చాపాను. ఎక్కి కూర్చుంది. మంటకు ఏడుస్తూనే, నా కొంగు పిడికిట్లో పట్టుకుని పోసింది. ఎంతసేపో పోసింది. డబ్బీ పట్టుకుని వంగిన నర్సు వంగినట్టే ఉండిపోయింది.

"పొద్దంత ఆపుకుంటున్నదమ్మా. అందుకే ఇన్‌ఫెక్షన్ అయింది," అంది డాక్టరమ్మ రిపోర్టు చూసి. "గిట్లనే ఆపుకుంటె కిడ్నీల దాక పోతది. అక్కడ బాత్రూంకు పోతలేదా?"

సరిత నన్ను చూసింది. "నా కాళ్ల మీదనే అలవాటు చేసిన," అన్నాను.

మందుల చీటీ ఇస్తూ నర్సు అంది, "అవ్వా, గీ కాళ్లు కోసి సిరిసిల్లకు పంపుతవా మరి?"

బయటికి వచ్చేసరికి రెండు ఫోన్లు. మొదటిది మనీషా. "అక్కా, తడపలేదు గదా అని మేం గూడ పట్టించుకోలె. సోమవారం తీస్కరాండ్రి, చూద్దం. గప్పుడు గూడ పోకుంటె మాత్రం పెట్టుకోలేం. ఏమన్న అయితె మేమే జవాబియ్యాలె." రెండోది కిష్టవ్వ. "సోమవారం నేను గూడ సిరిసిల్లకు అస్తున్న వదినె. పానం మీదికి తెచ్చిండ్రు పిల్లకు. ఈపాలి కాదనకుండ్రి."

నేను కోరుట్లకు పోలేదు. వాళ్లతోనే సిరిసిల్ల బస్సెక్కాను. దారి పొడుగునా నా పాదాలనే చూసుకున్నాను. పగిలిన మడమలు, ఆకు కత్తిరించే కత్తెర పడి చిట్లిన బొటనవేలి గోరు. వీటిలో ఏముందని.

అద్దె గదిలో బాత్రూం ముందు పాదాలను కొంచెం వెనక్కి జరిపి చూశాను. అన్వి వెంటే జరిగింది. రెండు ఇటుకలు పెట్టి కూర్చోమంటే వాటిని తన్నింది. స్టిక్కర్లు, గోలీలు, బుగ్గలు మళ్లీ తెచ్చాం. మాట్లాడే బొమ్మ తెచ్చాం. అన్నీ తీసుకుంది, అన్నీ ఆడుకుంది, ఉచ్చ వచ్చేసరికి మాత్రం "అమ్మమ్మ కాళ్లు". మందు తాగే పిల్లను ఆపుకోనివ్వకూడదు. కాళ్లు చాపక తప్పదు. చాపిన ప్రతిసారీ దాన్ని నేనే ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కిస్తున్నట్టు ఉండేది.

శనివారం మధ్యాహ్నం ఇటుకల దగ్గర అది ఏడ్చి ఏడ్చి కక్కుకుంది. నాకు ఒళ్లు తెలియలేదు.

"గీ కాళ్లు ఇరిగిపోను! గీ కాళ్లు మంటల కలువ!" అని నా పాదాన్ని నేనే గడపకేసి కొట్టాను. "అబ్బా!" అని కూలబడ్డాను.

అన్వి ఏడుపు ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, వంగి, నా పాదం మీద ఊదింది.

"దెబ్బా?"

"అవు బిడ్డ. దెబ్బ."

అప్పుడు తోచింది నాకు. పాత తెల్లచీర చింపి రెండు కాళ్లకూ చీలమండల దాకా పట్టీలు కట్టుకున్నాను.

"మస్తు నొస్తున్నయి తల్లీ. ఇగ గీండ్ల మీద కూసుంటె ఇరుగుతయి. మందు పెట్టాలె."

"నేను పెడుత."

"ఉచ్చ పోసి, చేతులు కడుక్కొని అచ్చినోళ్లే పెట్టాలె. డాక్టరమ్మ చెప్పింది."

అన్వి ఆలోచించింది. తర్వాత నా వేలు పట్టుకుని బాత్రూం దాకా నడిపించింది. నేను కుంటుతూ నడిచాను. నన్ను బయటే కూర్చోబెట్టి, లోపల తానే గొంతుక్కూర్చుంది. రాలేదు. ముఖం ఏడుపులోకి తిరగబోయింది. నేను ఉస్స్ అనబోయేలోపు అదే నా పట్టీల వైపు చూస్తూ, నొప్పిని ఊరడిస్తున్నట్టు "ఉస్స్" అంది. కొంచెం పోసింది. ఆగి, ఇంకొంచెం.

చేతులు కడుక్కుని వచ్చి పౌడర్ డబ్బా నా కాళ్ల మీద కుమ్మరించింది. "తక్కువైతది. ఏడ్వకు," అంది. ఏడుస్తున్నానని అది చెబితేనే నాకు తెలిసింది. పిల్లలకు ఏమివ్వాలో ఫోన్‌లో బోలెడు రాశారు. పిల్లల దగ్గర ఏదైనా తీసుకోవాలని ఎక్కడా చదవలేదు.

ఆదివారమంతా ఆ వైద్యమే నడిచింది.

"అవ్వా, పౌడర్ ఒడిసింది. ఇంకోటి తేవాల్నా?" అంది సరిత.

"రెండు తే."

సోమవారం పొద్దున కంపెనీ గేటు దగ్గర కిష్టవ్వ సంచీతో నిలబడి ఉంది. సంచీలో పిల్లకు కొత్త గౌన్లు. నా కాళ్లు చూసి ఉలిక్కిపడింది.

"కాళ్లకేమైంది వదినె?"

"దెబ్బ తాకింది," అన్నాను. అన్వి వింటోంది మరి.

సరిత వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ తన మిషన్ దగ్గరికి పోయింది. మనీషా మా ఇద్దరినీ వరండాలో బెంచీ మీద కూర్చోనిచ్చింది. పిల్లకు నీళ్లు తాగించింది. మేం చూస్తూ కూర్చున్నాం. కిష్టవ్వ మెల్లగా అంది.

"నేనేమన్న దుష్మన్‌నా వదినె? కొడుకును ఫోన్ల చూసుడు, మనుమరాలిని ఫోన్ల చూసుడు. ఫోన్ల ఉన్నోళ్లను ఒళ్ల కూసుండవెట్టుకుంటమా?"

"నాకెర్క," అన్నాను.

ఆటలో ఉన్న అన్వి ఒక్కసారి ఆగిపోయింది. మోకాళ్లు దగ్గరికి పెట్టింది. మనీషా లేవబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పిల్ల నా దగ్గరికి వచ్చింది. నా కాళ్ల వైపు చూసింది. నేను పట్టీలు చూపించాను.

అన్వి వరండా చివర ఉన్న చిన్న తలుపుల వైపు నడిచింది. నేను లేచి వెంట పోబోతే వెనక్కి తిరిగింది.

"నువ్వు రాకు. నీకు నడువరాదు."

తలుపు దగ్గరికి వేసుకుంది. మనీషా పోయి చెవి పెట్టి విని, మా వైపు తిరిగి తల ఊపింది. కాసేపటికి లోపల చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు. తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నా వైపే వస్తోంది. నేను పౌడర్ డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టుకుని కాళ్లు ముందుకు చాపాను.

గది మధ్యలో ఎవరో పిల్లలు రంగు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. అన్వి అటు చూసింది. అటే తిరిగింది. వాళ్ల మధ్య చతికిలబడి పై డబ్బా తానే పెట్టింది. మళ్లీ నా వైపు చూడలేదు.

కిష్టవ్వ డబ్బాల మధ్య కూర్చున్న మనుమరాలిని చూసింది. సంచీలోంచి గౌన్లు తీసి మనీషా చేతిలో పెట్టింది. "సరితకియ్యి బిడ్డ. కొలత సరిపోతదో లేదో," అంది.

"మీరు ఇంక పోవచ్చు అవ్వా," అంది మనీషా. "పోతుంటె చూస్తె ఏడుస్తది."

ఇద్దరం గేటు దాటాం. నేను కుంటడం మానలేదు, పిల్ల కిటికీలోంచి చూస్తుందేమోనని. మలుపు తిరిగాక ఒక బండ మీద కూర్చుని పట్టీలు విప్పాను. పౌడర్ అంతా నేల మీద రాలింది. కిష్టవ్వ వంగి నా పాదాలను ఇటూ అటూ తిప్పి చూసింది.

"గదేంది వదినె? దెబ్బ లేదు గద?"

"ఉండె," అన్నాను. "మానింది."